జనవరి పది, మూడు గంటల దాకా

మా హారో లేక్ ఊళ్ళో ఒకరినొకరు అనుమానించుకోవడానికి ఏడాది పొడుగునా వీలుంటుంది. జనవరి పదో తారీఖున మాత్రం అది బాధ్యత. ఆ రోజు మధ్యాహ్నం మూడింటికి ఆటగాళ్ళ మార్పిడి గడువు ముగుస్తుంది. ఈలోపు మా మిల్లర్స్ ఐస్ హాకీ జట్టు మేనేజరు ఎవరిని తెచ్చుకుంటాడో, ఎవరిని వదిలించుకుంటాడో, అదంతా ఆయన గది తలుపు వెనకాల జరుగుతుంది. తలుపుకి ఇవతల, జట్టు ఆడే మంచు రింక్‌లో కాఫీ కొట్టు ముందు, ఆట కనపడే అద్దం పక్కనున్న బల్ల దగ్గర మేం కూర్చుంటాం. పద్దెనిమిదేళ్ళుగా అదే బల్ల.

మేం అంటే ముగ్గురం. నేను ఓరెస్ట్ బాబియక్‌ని, రైల్వేలో ముప్ఫై ఏళ్ళు చేసి రిటైరైనవాణ్ణి. ఎమిల్ గోతియే తన సెలూన్‌ని కొడుక్కి అప్పజెప్పాడు గానీ అక్కడి కబుర్లు అప్పజెప్పలేదు. వెర్నా టేవ్స్ బడిలో లెక్కల టీచరుగా చేసింది. ఏ ఆటలో ఎవరు ఎంతసేపు మంచు మీద ఉన్నారో ఇప్పటికీ నోటుబుక్కులో రాసుకుంటుంది.

నాలుగో కుర్చీ డువేన్‌ది. డువేన్ జట్టు బస్సు నడుపుతాడు. పోయినేడు జనవరి నుంచి ఆ కుర్చీ ఖాళీ, ఎందుకంటే అందులోంచి అతన్ని లేపింది మేమే. లేపినవాళ్ళలో ముందున్నది నేను.

ఏం జరిగిందంటే, పోయినేడు గడువు రోజున ఓక్ బెండ్ జట్టు నుంచి మాకో డిఫెన్స్ ఆటగాడు రావలసింది. పద్దెనిమిది దాటిన కుర్రాళ్ళని వాళ్ళ సంతకం లేకుండా ఇంకో జట్టుకి పంపకూడదని మా లీగ్ రూలు. వాళ్ళ మేనేజరు పిలిచి చెప్పకముందే ఆ కుర్రాడు సంగతంతా తన ఫోన్లో చదువుకున్నాడు. ముక్కూమొహం తెలియనివాళ్ళు శుభాకాంక్షలు చెబుతుంటే ఎవరికి ఒళ్ళు మండదు? సంతకం పెట్టనన్నాడు. మేం కప్పు పోటీల్లో రెండో రౌండులోనే ఓడి ఇంటికొచ్చాం. ఎవడో ముందే ఉప్పందించాడని ఊరంతా అనుకుంది. మేనేజరు బస్సులో కూర్చునేది డ్రైవరు వెనక సీట్లోనే కదా, ఇంక అనుమానం ఎవరి మీదికి పోతుంది?

"మనలోనే ఉండి మనకే ద్రోహం చేశావు," అని ఆ రోజు నేనే అన్నాను. డువేన్ కాఫీ కప్పు తీసుకుని లేచి వెళ్ళిపోయాడు. ఒక్క మాట ఎదురు చెప్పలేదు. తప్పు చేసినవాడు కాబట్టే నోరు మెదపలేదని మేం తేల్చేశాం.

ఇక ఈ ఏడు సంగతి. పొద్దున్న ఎనిమిదిన్నరకే బల్ల దగ్గరికి చేరాం.

"మూడో స్థానంలో ఉన్నాం. ఒక్క గట్టి డిఫెన్స్ వాడు దొరికితే కప్పు మనదే," అన్నాడు ఎమిల్. "ఎంతైనా సరే, ఇచ్చి తెచ్చుకోవాలి."

"ఎంతైనా అంటే ఎవర్నోయ్? పేరు చెప్పు," అంది వెర్నా.

ఎమిల్ నా వంక చూసి కాఫీ తాగాడు.

"ఏంట్రా ఆ చూపు?" అన్నాను.

"చూపేముంది? నిన్ను చూడాలన్నా పర్మిషన్ తీసుకోవాలా?"

వెర్నా నోటుబుక్కు తెరిచింది. "కొత్త గోల్‌కీపర్ వచ్చాక పదమూడు ఆటలు జరిగితే కీరన్ ఆడినవి మూడు. కూర్చోబెట్టుకోడానికి అంత మంచి కీపర్ మనకెందుకయ్యా? వాణ్ణి ఇస్తే డిఫెన్స్ వాడొస్తాడు. ఇది లెక్క ఓరెస్ట్, దీనికి ఏడవక్కర్లేదు."

"నేనెక్కడ ఏడ్చాను?"

"ఇంకా లేదులే."

ఆ కీరన్ మా ఇంట్లోనే ఉంటాడు. బయటి ఊళ్ళ నుంచి ఆడటానికొచ్చే కుర్రాళ్ళని ఊళ్ళోవాళ్ళే తలా ఒకరిని ఇంట్లో పెట్టుకుని తిండి పెడతారు. కీరన్ లావలీ పదిహేడేళ్ళప్పుడు వచ్చాడు, ఇది మూడో చలికాలం. నన్ను పెద్దాయనా అంటాడు. నా భార్య స్టెల్లా బంగాళాదుంప కూరి చేసే పెరోగీ కుడుములు పద్దెనిమిది తిని పంతొమ్మిదోది నా కంచంలోంచి తీసుకుంటాడు. మాకు పిల్లల్లేరు. ఆ కుర్రాడు పోతాడన్న దిగులు దాచుకోడానికి నేను గొంతు పెంచాను.

"లెక్కలు కాదమ్మా, కప్పులు గెలిచేది కీపర్లు! ఆ కొత్తవాడికి జ్వరమొస్తే నువ్వు నిలబడతావా గోల్ ముందు?"

"నిలబడతాను. నీకన్నా బాగానే ఆపుతాను," అంది వెర్నా.

ఎమిల్ ముందుకి వంగాడు. "నిన్న పెట్రోలు బంకులో మన మేనేజర్ని చూశాను. ఒక్కడే లేడు. పక్కనున్నవాడు పైన్ నారోస్ జట్టు జాకెట్ వేసుకున్నాడు. నన్ను చూడగానే జిప్పు తీసి లోపలికి తిప్పి వేసుకున్నాడు. ఈ చలిలో!"

పైన్ నారోస్ జట్టు గోల్‌కీపర్‌కి క్రిస్మస్ ముందే మోకాలు విరిగింది. ఈ సంగతి మా ముగ్గురికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు.

పదింటికి ప్రాక్టీసు మొదలైంది. మేం అద్దానికి ముక్కులు ఆనించి లెక్కపెట్టాం. కీరన్ లేడు.

"వాడేడీ?" అంది వెర్నా.

"కడుపులో బాలేదట. పొద్దున్న పడుకునే ఉన్నాడు," అన్నాను. అనగానే ఆ మాట నాకే రుచించలేదు. స్టెల్లా వంట తిని మూడేళ్ళలో ఒక్కసారి కూడా కడుపు పట్టుకోని కుర్రాడికి సరిగ్గా గడువు రోజునే నొప్పి వచ్చిందా? అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. నిన్న స్టెల్లా ఎనిమిది డజన్ల పెరోగీలు చేసి ఫ్రీజరులో పెట్టింది. ఎందుకే ఇన్ని అంటే, పిండి మిగిలిందంది. మొన్న వాడు లైబ్రరీ పుస్తకాలన్నీ తిరిగిచ్చేశాడు. నేను వంటింట్లోకి వెళితే ఇద్దరూ మాటలాపి వాతావరణం గురించి మొదలెట్టారు. నా ఇంట్లోనే నా వెనకాల గూడుపుఠాణీ!

నేను లేచాను. నిజం రాబట్టాలంటే ఒక్కడే దిక్కు. వాడంటే నాకు పడకపోయినా సరే.

బయట మైనస్ ముప్ఫై రెండు. డువేన్ బస్సు ఇంజను వేడెక్కించుకుంటూ డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. తలుపు కొడితే తెరిచాడు, మెట్టెక్కాను.

"మేనేజరు కీరన్‌ని ఇచ్చేస్తున్నాడా? నువ్వు వినే ఉంటావు, చెప్పు."

"నాకు తెలీదు. నేనేం వినలేదు," అన్నాడు, అద్దం తుడుచుకుంటూ.

"పోయినేడు చెవులు బాగానే పనిచేశాయిగా?"

అతను గుడ్డ పక్కన పెట్టాడు. "చేశాయి ఓరెస్ట్. పోస్టాఫీసు క్యూలో నీ వెనకాల నిలబడ్డాను. నువ్వు ఫోన్లో మీ బావమరిదితో మాట్లాడుతున్నావు. ఓక్ బెండ్‌లో ఉన్నాయన. 'ఇవాళ మూడింటికల్లా మీవాడు మావాడౌతాడు, ఏడవడానికి రుమాలు సిద్ధం చేసుకో' అన్నావు. నీకు చెవుడు కదా, పోస్టాఫీసంతా విన్నది. కాకపోతే ఎవడి గురించో నాకు తప్ప ఎవరికీ అర్థం కాలేదు. ఓక్ బెండ్‌లో మీ బావమరిదికి అర్థమైంది, ఆయన నోటి నుంచి ఆ ఊరంతా పాకింది."

ఆ ఫోను నాకు గుర్తుంది. ఓక్ బెండ్ కుర్రాడొస్తాడు, రెండో పడక సిద్ధం చేయమని క్లబ్బు వాళ్ళు స్టెల్లాకి చెప్పారు, స్టెల్లా నాకు చెప్పింది. అవతలి జట్టు అభిమాని అయిన బావమరిదిని ఒక్కసారి ఏడిపించకపోతే హాకీ చూసి ఏం లాభం? నేను అతనికి సంగతి చెప్పాననుకోలేదు, వెక్కిరించాననుకున్నాను. ఏడాదిగా దొంగని పట్టుకోవాలని ఊరంతా గాలించాను, ఆ ఫోను మాత్రం ఒక్కసారీ నా లెక్కలోకి రాలేదు.

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?" నా గొంతు నాకే వినపడలేదు.

"చెబితే మేనేజరు కీరన్‌ని మీ ఇంట్లోంచి తీసి ఇంకోచోట పెట్టేవాడు. రహస్యం నిలవని ఇంట్లో కుర్రాణ్ణి ఉంచరు." అతను పైనున్న అద్దం కేసి చూపించాడు. "ఇందులో నాకు వెనక సీట్లన్నీ కనపడతాయి. వచ్చిన కొత్తల్లో నెల్లాళ్ళు వేరే ఇంట్లో ఉన్నప్పుడు ఆ కుర్రాడు దారి పొడుగునా కళ్ళు తెరుచుకునే ఉండేవాడు. మీ ఇంటికి వచ్చాక బస్సు కదలగానే నిద్రపోయేవాడు. ఒక కుర్చీ కోసం అది పాడుచేయడం ఎందుకని ఊరుకున్నా. ఇక తలుపెయ్, చలి లోపలికొస్తోంది."

నేను దిగి కారెక్కాను. ఎటు పోతున్నానో చూసుకోకుండానే ఇంటికి చేరాను. సిగ్గుతో మొహం మండిపోతోంది.

గరాజులో కీరన్ కారు వెనక సీటు నిండా అట్టపెట్టెలు. గోల్‌కీపర్ ప్యాడ్లు పైన కట్టి ఉన్నాయి. వంటింట్లో స్టెల్లా, కీరన్ ఎదురెదురుగా కూర్చున్నారు. కడుపు నొప్పివాడు మూడో గుడ్డు తింటున్నాడు.

"ఐతే నిజమే," అన్నాను.

స్టెల్లా లేచి నాకూ వాడికీ మధ్య నిలబడింది. "నీకు చెప్పొద్దన్నది నేనే. వాణ్ణి అనకు. ఓరెస్ట్, నీ నోట్లో నువ్వుగింజ నానదు."

పొద్దున్న ఈ మాటంటే ఇల్లు పీకి పందిరేసేవాణ్ణి. ఇప్పుడు కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"మేనేజరు అమ్మేస్తున్నాడనుకోకండి పెద్దాయనా," అన్నాడు కీరన్. "నేనే అడిగాను. అక్కడ కీపర్ లేడు. రోజూ నేనే ఆడతాను. వచ్చే ఏడు నాకు ఈ లీగ్‌లో ఆడే వయసు దాటిపోతుంది. ఈ మూడు నెలల్లో ఆడితేనే ఏదైనా యూనివర్సిటీ వాళ్ళు చూసి సీటిస్తారు. బెంచీ మీద కూర్చుంటే నన్నెవరు చూస్తారు?"

"ఇందులో దాచడానికేముంది?"

"అక్కణ్ణుంచి సోరెన్ అనే కుర్రాడు రావాలి. వాళ్ళమ్మ ఆస్పత్రిలో నర్సు, రెండింటికి డ్యూటీ దిగుతుంది. ముందు అమ్మకి చెప్పాలి, ఆ తర్వాతే సంతకం అన్నాడట. ఈలోపు ఆవిడకి బయటివాళ్ళ నోట తెలిసిందంటే వాడు పెట్టడు. నేనిక్కడే ఉండిపోతాను." వాడు ఫోర్కు కంచంలో పెట్టాడు. "ఆంటీ వద్దన్నారు. కానీ మీకు చెప్పకుండా వెళ్ళలేను. మూడింటికి బయల్దేరతాను."

"ఐతే ఇక్కణ్ణుంచి కదలకు," అంది స్టెల్లా నాతో. "ఫోను ఇలా ఇవ్వు. మూడు దాటాక మాట్లాడు."

నాకూ అదే ఇష్టం. వాడితో ఇంకో నాలుగు గంటలు కూర్చోవచ్చు. కానీ పద్దెనిమిదేళ్ళలో గడువు రోజున నా కుర్చీ ఖాళీగా ఉన్నది లేదు. ఇవాళ ఖాళీగా కనపడితే, ఇంట్లో గోల్‌కీపర్, వాడికి కడుపు నొప్పి, పెట్రోలు బంకులో జాకెట్ తిప్పుకున్నవాడు, అన్నీ కలిపి వెర్నా ఐదు నిమిషాల్లో లెక్క తేలుస్తుంది. పది నిమిషాల్లో ఎమిల్ సెలూన్‌కి ఫోన్ చేస్తాడు.

"నేను అక్కడ కూర్చోవాలి," అన్నాను. "లేకపోతే తెలిసిపోతుంది."

స్టెల్లా నన్ను పైనుంచి కిందికి చూసింది. ఒక్క అక్షరం కూడా నమ్మలేదు. కీరన్ మాత్రం లేచి వచ్చి నన్ను గట్టిగా పట్టుకున్నాడు. నేను ఏడ్చాను. వెర్నా చెప్పిన లెక్క అదొక్కటి సరిపోయింది.

పన్నెండింటికి మళ్ళీ బల్ల దగ్గరున్నాను.

"ఎక్కడికి పోయావు?" అంది వెర్నా.

"ఇంటికి. కుర్రాడికి కడుపు నొప్పికి మందివ్వడానికి."

"కళ్ళెర్రగా ఉన్నాయే?"

"బయట మైనస్ ముప్ఫై రెండు. నీ కళ్ళు తెల్లగా ఉంటాయా?"

ఆ మూడు గంటలూ నేను పడిన పాట్లు రైల్వేలో మంచు తుఫాను రోజుల్లో కూడా పడలేదు. కీరన్‌ని ఇవ్వకూడదని వాదించాను, బల్ల గుద్దాను, మేనేజర్ని తిట్టాను. నిజంగా తెలియనప్పుడు ఎంత అరిచేవాణ్ణో గుర్తు తెచ్చుకుని అంతే అరిచాను. ఒకటీ నలభైకి గోడ గడియారం ఆగిపోయిందనుకున్నాను. రెండుంబావుకి వెర్నా నోటుబుక్కు మూసి నావైపు తిరిగింది.

"ఎమిల్, వీడికేదో తెలుసు. పొద్దుట్నుంచి ఒక్కసారి కూడా 'మనలో మాట' అనలేదు చూడు."

నేను కప్పు నోటికడ్డం పెట్టుకున్నాను.

ఎమిల్ పకపకా నవ్వాడు. "వీడికా? ఏంటమ్మా నువ్వు! ఓరెస్ట్‌కి తెలిస్తే పొద్దున్న తొమ్మిదికల్లా మనకి తెలిసేది. పదికల్లా ఓక్ బెండ్‌లో తెలిసేది. వీణ్ణి మాత్రం అనుమానించకు."

"అదీ నిజమే," అంది వెర్నా. మళ్ళీ నోటుబుక్కు తెరుచుకుంది.

ఇద్దరూ నన్ను నమ్మారు. జీవితంలో అంత అవమానం నాకెప్పుడూ జరగలేదు. నోరు మూసుకుని కాఫీ తాగాను. అది చల్లారి చాలాసేపయింది.

మూడు దాటి రెండు నిమిషాలకి ఇద్దరి ఫోన్లూ ఒకేసారి మోగాయి. కీరన్ లావలీ పైన్ నారోస్‌కి, సోరెన్ అనే డిఫెన్స్ ఆటగాడు మాకు. ఎమిల్ కేక వేశాడు. కాఫీ కొట్టు ముందున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. వెర్నా మాత్రం నన్నే చూస్తోంది.

"తెలుసు కదూ?"

"పదకొండు నుంచి."

ఎమిల్ కుర్చీ వెనక్కి నెట్టాడు. "పదకొండు నుంచా? మాతో కూర్చుని, బల్ల గుద్ది... ఇంకా ఏం దాచావురా మా దగ్గర?"

అప్పుడే డువేన్ కాఫీ కోసం లోపలికొచ్చాడు. ఎప్పటిలాగే మావైపు చూడకుండా క్యూలో నిలబడ్డాడు. ఆ క్షణంలో నేను ఊరుకుంటే సరిపోయేది. మూడు గంటల సేపు ఊరుకున్నవాడికి ఇంకో నిమిషం ఏం కష్టం? రేపు సోరెన్ మా ఇంటికే వస్తాడు. వెళ్ళిన కుర్రాడి గది వచ్చిన కుర్రాడికివ్వడం మా క్లబ్బు వాడుక. నేను నోరు విప్పితే ఏమౌతుందో పొద్దున్న బస్సులో విన్నాను. స్టెల్లా ఆ పడక మీద దుప్పట్లు మార్చి ఉంటుందనీ తెలుసు.

కానీ క్యూలో డువేన్ వీపు చూస్తూ కూర్చోలేకపోయాను.

"పోయినేడు ఓక్ బెండ్‌కి చెప్పింది నేను," అన్నాను. నా మామూలు గొంతే, అంటే రింక్ అంతా విన్నది. "డువేన్ కాదు. నేను. మా బావమరిదికి ఫోన్ చేసి వెక్కిరించాను. డువేన్‌కి అప్పుడే తెలుసు. మన చేత మాటలు పడ్డాడు గానీ నా పేరు చెప్పలేదు."

వెర్నా లేచి, నాలుగో కుర్చీ మీద పెట్టిన తన కోటు తీసేసింది. డువేన్ వచ్చి కూర్చున్నాడు. ఎమిల్ అతని కాఫీకి తనే వెళ్ళాడు, మూడు చక్కెరలు అడక్కుండానే వేసుకొచ్చాడు. ఆ తర్వాత గంటసేపు సోరెన్ ఎడమచేతి వాటమా కుడిచేతి వాటమా అని వాదించుకున్నారు. నాతో ఎవరూ వాదించలేదు.

నాలుగున్నరకి ఇంటికి వెళ్ళేసరికి చీకటి పడింది. గరాజులో కీరన్ కారు లేదు. స్టెల్లాకి ఎలా చెప్పాలా అని దారంతా మాటలు కూర్చుకున్నాను. తలుపు తీయగానే తనే అంది.

"ఎమిల్ ఫోన్ చేశాడు."

"అన్నీ చెప్పాడా?"

"అన్నీ చెప్పాడు. తర్వాత మేనేజరు చేశాడు." తను పైగదిలోంచి తెచ్చిన కొత్త దుప్పట్లు బల్ల మీద మడతపెట్టి ఉన్నాయి. "సోరెన్ డువేన్ ఇంట్లో ఉంటాడట. రేపు పొద్దున్నే వస్తున్నాడు. కీరన్‌కి నాలుగు డజన్లు ఇచ్చి పంపాను. మిగిలిన నాలుగు డజన్లూ ఈ వచ్చేవాడికని చేశాను."

స్టెల్లా ఫ్రీజరు తెరిచి పెద్ద డబ్బా తీసింది, దాని మీద చిన్న డబ్బా పెట్టింది. రెండూ తెచ్చి నా చేతుల్లో పెట్టింది. తన కళ్ళు కూడా ఎర్రగా ఉన్నాయి, బయటికి మాత్రం వెళ్ళలేదు.

"ఇవి డువేన్‌కి ఇచ్చి రా. ఉల్లిపాయలు వేరేగా వేయించి చిన్న డబ్బాలో పెట్టాను. ఆ కుర్రాడికి వేడిగా పెట్టమని చెప్పు."

"ఇంకేం చెప్పను?"

"ఇంకేమీ చెప్పకు," అంది.